ఫోన్ పెట్టని నెదెల్కా పిన్ని

మా నెదెల్కా పిన్ని ఫోన్ ముందు పెట్టదు. నాకు ఊహ తెలిసినప్పట్నించీ అవతలివాళ్ళకంటే ముందు రిసీవరు కింద పెట్టిన పాపాన పోలేదు. చేసింది తనైనా, వాళ్ళైనా, రాంగ్ నంబరైనా సరే, పెట్టెయ్యాల్సింది అవతలివాళ్ళే. అదేమిటి పిన్నీ అంటే, "ఫోన్ పెట్టెయ్యడమంటే మనిషి మొహం మీద తలుపు వేసినట్టే కదరా" అంటుంది. "వాళ్ళు చెప్పాల్సింది అయిపోయింది కదా" అంటే, "అయిపోయిందని నీకెవరు చెప్పారు? గుక్క తిప్పుకుంటున్నారేమో" అంటుంది.

లోవెచ్ ఊరి పాతపేటలో, కొండ మీదికి మెలికలు తిరుగుతూ పోయే కుమ్మరి సందులో నాది కిరాణా కొట్టు. సందు మొదట్లో నా కొట్టు, నడిమి మలుపులో పిన్ని ఇల్లు, పైన చిట్టచివర మెతోది మాస్టారి ఇల్లు. ఈ కథకి ఈ మాత్రం భూగోళం చాలు.

పిన్ని ఉద్యోగకాలమంతా ఆడవాళ్ళ జుట్టు కత్తిరించింది. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు లేచేదాకా కబుర్లు చెప్పేది. కబుర్లు మిగిలిపోతే జుట్టు ఇంకాస్త కత్తిరించేది. అందుకే మా అమ్మ తరం ఆడవాళ్ళందరికీ పొట్టి జుట్టే. దుకాణం మూసేసి ఇంట్లో కూర్చున్నాక ఆ కుర్చీ స్థానంలోకి ఫోన్ వచ్చింది.

ఒకసారి రూసె నుంచి ఎవరో టైర్ల కొట్టనుకుని పిన్నికి చేశాడు.

"హలో, చలికాలం టైర్లున్నాయా?"

"లేవు నాయనా, ఇది ఇల్లు. ఇంతకీ పాత టైర్లకేమైంది?"

ఆ అబ్బాయి టైర్ల సంగతి చెప్పాడు. తర్వాత కారు సంగతి చెప్పాడు. కారు తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోయిన పెళ్ళాం సంగతి చెప్పాడు. ఎవరు ముందు మాట్లాడాలనే పంతంతో నెలలు గడిచిపోయాయట. "నువ్వే చెయ్యి. చేసి మాత్రం తను పెట్టేదాకా పెట్టకు" అంది పిన్ని. ఇప్పటికీ ఏటా ఆకురాలే కాలంలో రూసె నుంచి తేనె సీసా వస్తుంది. ఆ మనిషి పేరు పిన్నికి తెలీదు. 'టైర్లబ్బాయి' అంటుంది. ఆ టైర్లబ్బాయికి ఇప్పుడు మనవలున్నారు.

ఇంకోసారి మోసగాడొకడు చేశాడు. ముసలివాళ్ళకి ఫోన్ చేసి భయపెట్టి డబ్బు గుంజే ముఠాలు మా దేశంలో చాలానే ఉన్నాయి.

"అమ్మమ్మా, మీ అల్లుడికి యాక్సిడెంటైంది. ఆపరేషన్‌కి వెంటనే డబ్బు కావాలి."

"నాకు కూతురే లేదు నాయనా, అల్లుడెక్కడ్నించి వచ్చాడు? అది సరే, పాపం ఆ అబ్బాయికి దెబ్బ ఎక్కడ తగిలింది?"

వాడు కాలన్నాడు. ఏ కాలంది. కుడన్నాడు. మోకాలికి పైనా కిందా అంది. వాడికేం తెలుసు పాపం. భోంచేశాడా, పక్కన ఎవరున్నారు, వాళ్ళమ్మకి చెప్పారా అని అడుగుతూనే ఉంది. చివరికి వాడు, "పొరపాటైంది అమ్మమ్మా, ఎవరికీ ఏం కాలేదు" అని పెట్టేశాడు. మర్నాడు పిన్ని కొట్టుకొచ్చి, "దేవుడు చల్లగా చూశాడు, ఆ పిల్లాడికి ఏం కాలేదట" అని కొవ్వొత్తి కొనుక్కుని చర్చికి వెళ్ళింది.

ఇక కొన్నాళ్ళుగా మేం పిన్నికి ఫోన్ చేస్తే ఎప్పుడూ ఎంగేజే. పొద్దున చేసినా ఎంగేజే, మధ్యాహ్నం చేసినా ఎంగేజే. ప్లెవెన్‌లో ఉన్న వాళ్ళ చెల్లెలు ఏదైనా చెప్పాలంటే బస్సెక్కి వచ్చేస్తుంది. ఫోన్ దొరికే లోపు ఊరే వచ్చేస్తుందని ఆవిడ వాదన. మా ఆవిడ జ్లాత్కా అయితే, "ఏదో ఒక రోజు ఆ రిసీవరు చెవికి అంటుకుపోతుంది, అప్పుడు డాక్టరుకి ఫోన్ చేద్దామంటే ఎంగేజ్ వస్తుంది" అనేది.

ఈ గుణం చూసి ఒళ్ళు మండే మనిషి సందు మొత్తానికి మెతోది మాస్టారొక్కరే. మాస్టారు మా హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఈ ఊళ్ళో మేయరు దగ్గర్నుంచి మాంసం కొట్టువాడి దాకా అందరి చేతా గుంజీళ్ళు తీయించిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. వీపు నిటారు, మీసం నిటారు, మాట అంతకంటే నిటారు. పిన్నికీ ఆయనకీ నా కొట్లోనే యుద్ధం జరిగేది.

"రుమెన్, ఈవిడ ముందు కొనేసుకుంటే నేను తర్వాత వస్తాను. సాయంత్రం అవుతుందేమో" అనేవారు మాస్టారు.

"రుమెన్, ఆయన్నే ముందు కొనుక్కోమను. మాటలు రావుగా, వేలితో చూపిస్తే ఇచ్చెయ్యి" అనేది పిన్ని.

ఇద్దరూ ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకోవడం మేమెవరం చూడలేదు. మధ్యలో నేనుండాలి.

అలా ఉండగా అక్టోబరు వచ్చింది. చలికాలానికి కట్టెలు దింపుకునే రోజులు. ఒక పొద్దున కట్టెల లారీ ఒకటి మా సందులోకి వెనక్కి నడుపుకుంటూ వచ్చింది. సాయం చేద్దామని అందరం బయటికొచ్చాం. "రా, రా, ఇంకా రా" అని అందరం అన్నాం. 'ఆగు' అనే బాధ్యత మాత్రం ఎవరూ తీసుకోలేదు. లారీ వచ్చి వచ్చి, మలుపులో ఉన్న ఫోన్ కంపెనీవాళ్ళ పెట్టెని గుద్దింది.

బీరువా అంత ఉండే బూడిదరంగు ఇనప పెట్టె అది. సందులో ఫోన్ తీగలన్నీ అందులోంచే ఇళ్ళకి వెళ్తాయి. పునాదితో సహా ఊడి పక్కకి ఒరిగింది. తలుపు ఎగిరిపోయింది. లోపలి తీగలన్నీ పిల్లి లాగేసిన ఊలు ఉండల్లా బయటపడ్డాయి. డ్రైవరు దిగి చూసి, "దారిలో పెట్టె పెట్టిందెవరు?" అని మమ్మల్నే కోప్పడి, కట్టెలు దింపేసి వెళ్ళిపోయాడు.

సందంతా ఫోన్లు మూగపోయాయి. ఇంటర్నెట్టూ పోయింది. నా కొట్లో కార్డులు గీకే మిషను కన్ను మూసింది. మొబైళ్ళున్నాయి కదా అంటారేమో. మాది లోయ. ఇళ్ళలో మొబైలు బొమ్మ కింద లెక్క. సిగ్నలు దొరికేది నా కొట్టు ముందు మెట్టు మీద, అదీ ఎడమ చివర కూర్చుంటేనే. కాబట్టి ఆ తర్వాత జరిగిన యుద్ధమంతా ఆ మెట్టు మీదే జరిగింది, నా మొబైలు మీదే జరిగింది, నా కళ్ళ ముందే జరిగింది.

ముందు నేను చేశాను.

"సార్, మీ మోడెం మీద ఎన్ని లైట్లు వెలుగుతున్నాయి?" అంది అవతలి అమ్మాయి.

"మోడెం సంగతి కాదండీ. వీధిలో మీ పెట్టెని లారీ గుద్దింది. పడిపోయింది."

"ఒకసారి స్విచ్చి తీసి, కాసేపాగి మళ్ళీ వెయ్యండి సార్."

"దేని స్విచ్చి? లారీదా?"

రెండోసారి చేస్తే ఒకతను, "మా మ్యాపులో ఆ మలుపు దగ్గర పెట్టె ఏదీ లేదు సార్" అన్నాడు.

"లేని పెట్టె ఎలా పడింది మరి?"

"అదే మేమూ అంటున్నాం సార్."

మున్సిపాలిటీకి వెళ్ళాను. లోపల తీగలుంటే కంపెనీది, ఉత్త పెట్టయితే మాది అన్నారు. తీగలు బయటికొచ్చేశాయండీ అన్నాను. బయటున్న తీగలు ఎవరి కిందకి వస్తాయో కనుక్కుని చెప్తామన్నారు. ఇంకా కనుక్కుంటున్నట్టున్నారు.

నేను తిరిగొచ్చేసరికి పిన్ని మెట్టు దగ్గర నిలబడి ఉంది. వంటింటి యాప్రాన్ కూడా విప్పలేదు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎప్పటికి బాగవుతుందంట్రా?"

"ఏమో పిన్నీ, వారాలు పట్టొచ్చు."

"వారాలా" అని మెట్టు మీద కూలబడింది. కబుర్లు లేకపోతే ఈ మనిషి బతకదు కాబోలు అని జ్లాత్కా లోపల్నుంచి నాకు సైగ చేసింది. కాసేపటికి పిన్ని చెయ్యి చాచింది. "ఆ ఫోనిలా పారెయ్యి."

ఆ రోజు ఫోన్ కంపెనీకి తెలీని సంగతి ఒకటుంది. వాళ్ళ కాల్ సెంటర్లో పనిచేసేవాళ్ళకి ఒక రూలు: కస్టమరు పెట్టేదాకా వాళ్ళు పెట్టకూడదు. మా పిన్ని రూలు మీకు తెలుసు, వాళ్ళకి తెలీదు.

రాజధాని సోఫియాలో ఫోనెత్తిన అమ్మాయి పేరు ఎలిత్సా.

"గొంతేమిటమ్మా అలా ఉంది? జలుబా?" అంది పిన్ని మొదలుపెడుతూనే.

"పంటి నొప్పండీ. మీ సమస్య చెప్పండి."

"నా సమస్య ఎక్కడికీ పోదులే, వీధిలో పడుంది. లవంగం పెట్టుకున్నావా?"

లవంగం అయ్యాక పెట్టె సంగతి వచ్చింది. ఎలిత్సా అన్నీ రాసుకుని, అలవాటు ప్రకారం, "ఇంకేమైనా సహాయం కావాలా అండీ?" అంది. ఆ మాటకి ఎవరైనా 'వద్దండీ, థాంక్స్' అని పెట్టేస్తారు.

"కావాలి తల్లీ" అంది పిన్ని. "పెట్టె కావాలి."

"అది రాశానండీ. ఇంకేమైనా సహాయం కావాలా?"

"కావాలి. ఎప్పుడొస్తారో చెప్పు."

"అది నాకు తెలీదండీ. తెలిసిన వెంటనే మీకు మెసేజ్ వస్తుంది. ఇంకేమైనా..."

"కావాలి. తెలిసినవాళ్ళని పిలు. నాకు తొందరేం లేదు, ఉంటాను."

ఉంది. నేను కుర్చీ తెచ్చి వేశాను. జ్లాత్కా శాలువా కప్పింది. ఫోన్ చార్జింగ్ అయిపోతుంటే కొట్లోంచి వైరు లాగి పెట్టాం. ఎవరో వేడి బానిత్సా రొట్టె ముక్క తెచ్చి చేతికిచ్చారు. నముల్తూ కూడా పెట్టలేదు. పైగా, "జున్ను పెట్టిన బానిత్సా తల్లీ, నీ పన్ను తగ్గాక రా, చేసి పెడతాను" అంది. మధ్యాహ్నానికి ఎలిత్సా డ్యూటీ అయిపోయింది. ఫోన్ తీసుకెళ్ళి వాళ్ళ సూపర్‌వైజరుకిచ్చింది.

"నమస్కారం, నేను కలోయాన్. మీరు చాలాసేపట్నుంచి లైన్లో ఉన్నారట."

"నువ్వూ ఉన్నావుగా నాయనా ఇప్పుడు. నీకు జుట్టు రాలుతోందా?"

"మీకెలా తెలుసు?"

"గొంతులో తెలిసిపోతుంది. దురదగొంటాకు మరిగించిన నీళ్ళతో కడుక్కో. పెట్టె ఎప్పుడు పంపుతున్నావు?"

మర్నాడు నిజంగానే మనిషొచ్చాడు. మేమంతా సంబరపడిపోయాం. అతను పెట్టె చుట్టూ తిరిగాడు, ఫోటో తీసుకున్నాడు, ఎర్రా తెల్లా చారల టేపు పెట్టె చుట్టూ చుట్టాడు, వెళ్ళిపోయాడు. సాయంత్రానికి నా మొబైలుకి మెసేజ్ వచ్చింది: 'మీ సమస్య పరిష్కరించబడింది. మా సేవలు ఎలా ఉన్నాయో చెప్పండి.' పడిపోయిన పెట్టె ఇప్పుడు రిబ్బను కట్టిన పుట్టినరోజు బహుమతిలా ఉంది. అంతకు మించి తేడా లేదు.

మూడో రోజు వాన పట్టుకుంది. పిన్ని గొడుగేసుకుని వెళ్ళి, జుట్టు కత్తిరించేటప్పుడు మెడకి కట్టే ప్లాస్టిక్ దుప్పటి ఆ తీగలన్నిటి మీదా కప్పి, వెనకాల ముడేసి వచ్చింది. మలుపు తిరిగి చూస్తే ఎవరో ముసలమ్మ కటింగుకి కూర్చుని నిద్రపోయినట్టుండేది.

ఇది ఇలా ఉండగా సందులో ఇంకో వింత మొదలైంది. పిన్ని కొండెక్కడం మొదలుపెట్టింది. ఆవిడ మోకాళ్ళు ఎప్పుడో సెలవు తీసుకున్నాయి. అలాంటిది, పొద్దునా మధ్యాహ్నం సాయంత్రం రొప్పుకుంటూ మాస్టారింటికి ఎక్కేది. వెళ్ళినప్పుడల్లా ఒక కొత్త తగువు. మీ వాల్‌నట్ ఆకులు నా పెరట్లో పడ్డాయని ఒకసారి. మీ కుక్క మొరగట్లేదేమిటి, నాకు నిద్ర పట్టట్లేదని ఇంకోసారి. మాస్టారికి కుక్క లేదు. పైనుంచి ఆయన గొంతు కిందిదాకా వినపడేది: "నన్ను కాసేపు ప్రశాంతంగా ఉండనివ్వవా?"

"ఉండండి, నేనొద్దన్నానా? కనపడ్డారుగా, వెళ్తున్నా" అని పిన్ని దిగొచ్చేది.

"ఈ వయసులో ప్రేమేమో" అంది జ్లాత్కా.

"వాళ్ళిద్దరికా? పెళ్ళి చేయించే ఫాదరు మధ్యలో నలిగిపోతాడు" అన్నాన్నేను.

ఒక రోజు దిగుతుంటే తడిసిన రాళ్ళ మీద పిన్ని కాలు జారింది. ఎముక విరగలేదు గానీ మోకాలు గుమ్మడికాయంత వాచింది. డాక్టరు గట్టిగా చెప్పాడు, గడప దాటొద్దని. పిన్ని అతని మాట మొత్తం శ్రద్ధగా విని, అతను వెళ్ళగానే కర్ర పట్టుకుని కుంటుకుంటూ నా మెట్టు దగ్గరికి వచ్చింది.

ఫోన్ చేస్తే ఎలిత్సాయే ఎత్తింది. ఈ పాటికి ఆ కాల్ సెంటర్లో పిన్ని అందరికీ చుట్టమైపోయింది. పంటి నొప్పి తగ్గిందని ఆ అమ్మాయి తనే ముందు చెప్పబోయింది.

"ఆగు తల్లీ" అంది పిన్ని. "ఇవాళ కబుర్లకి చెయ్యలేదు."

పిన్ని నోటి వెంట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. చేతిలో ఉన్న ఉల్లిపాయల సంచి కింద పెట్టేశాను. పిన్ని నా వైపు చూసి, గోడ వైపు తిరిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చాలా మెల్లిగా ఏదో చెప్పింది. ఏం చెప్పిందో నాకు వినపడలేదు. చెప్పడం అయ్యాక వింటూ కూర్చుంది. తర్వాత ఫోన్ స్పీకరులో పెట్టి ఒళ్ళో పెట్టుకుంది.

"అమ్మమ్మా, లైన్లోనే ఉండండి" అంటోంది ఎలిత్సా. "నేనూ పెట్టను."

ఆ అమ్మాయి ఇంకో ఫోన్ తీసి, పెట్టెలు బిగించే డిపార్టుమెంటుకి చేసింది. మాకంతా వినపడుతోంది. అవతల ఎవరో పెద్దాయన విసుక్కుంటున్నాడు.

"మ్యాపులో లేదంటే నేనేం చెయ్యనమ్మా? పెట్టెయ్యి, చూద్దాం."

"లేదు సార్, పెట్టను."

"అదేమిటి?"

"మీరు తారీఖు చెప్పేదాకా పెట్టను సార్. నాకు తొందరేం లేదు." ఎలిత్సా అంది, "అన్నట్టు సార్, మీ అమ్మగారు కులాసాయేనా?"

పిన్ని నా వైపు తిరిగింది. కన్నకూతురు పరీక్ష పాసైతే తల్లి మొహం ఎలా ఉంటుందో అలా ఉంది.

పెద్దాయన పాపం చాలాసేపు పోరాడాడు. వాళ్ళమ్మగారికి రక్తపోటని చెప్పాడు, ఆవిడ ఉప్పు మానట్లేదని చెప్పాడు, సిబ్బంది లేరని చెప్పాడు, చివరికి రేపు పొద్దున పంపుతానని చెప్పాడు. "థాంక్స్ సార్. ఇంకేమైనా సహాయం కావాలా?" అంది ఎలిత్సా. ఆయన ఠక్కున పెట్టేశాడు. ఆయన పెట్టాకే ఆ అమ్మాయి పెట్టింది.

మర్నాడు వచ్చారు, కొత్త పెట్టెతో సహా. కానీ వ్యాను కొట్టు దగ్గరే ఆగిపోయింది. అంతకు ముందు లారీ దింపిన కట్టెల గుట్ట ఇంకా సందు మధ్యలోనే ఉంది. సిబ్బంది పెద్ద పేరు త్రయాన్. బొద్దుగా, మంచివాడిలాగే ఉన్నాడు. కట్టెల్ని చూశాడు, కొండని చూశాడు, "దారి ఖాళీ అయ్యాక వచ్చే వారం..." అన్నాడు.

అతని మాట పూర్తవనివ్వలేదు మా సందు. ఎవరు మొదలెట్టారో తెలీదు. నేను గల్లా వదిలి వచ్చాను, పక్కింటి దర్జీ సూది నోట్లో పెట్టుకునే వచ్చాడు, మంగలి వచ్చాడు, సగం గడ్డం గీయించుకున్న కస్టమరూ వచ్చాడు. ఆడవాళ్ళు కట్టెల్ని చేతుల మీదుగా అందించుకుంటూ గోడ వారకి పేర్చారు. మేం పెట్టెని భుజాలకెత్తుకున్నాం. బరువేమిటో మాకు అప్పుడు తెలిసింది. తలో వైపుకి లాగుతున్నాం. పెట్టె అడుగు కదలట్లేదు.

అప్పుడు కొండ మీంచి ఆ గొంతు వినపడింది.

"వరస తప్పారు వెధవల్లారా. అందరూ ఎడమ కాలు."

మాస్టారు. గేటుకి ఆనుకుని, కమ్మీ రెండు చేతులా పట్టుకుని, నిటారుగా నిలబడి ఉన్నారు. ఆ గొంతు వింటూనే అందరి ఎడమ కాళ్ళూ ఒకేసారి లేచాయి. త్రయాన్‌ది కూడా. అతనూ ఒకప్పుడు మాస్టారి దగ్గర గుంజీళ్ళు తీసినవాడేనట. ఎడమ, కుడి, ఎడమ, కుడి. ఊరేగింపులో దేవుడి పటం వెళ్ళినట్టు వెళ్ళింది మా పెట్టె. మలుపు దగ్గర పిన్ని కర్ర పట్టుకుని నిలబడి, "ఆ మనిషిని కుర్చీలో కూర్చుని అరవమనండి, నిలబడక్కర్లేదు" అని కేకలు వేస్తోంది. ఎవరూ వినిపించుకోలేదు.

మధ్యాహ్నం దాటాక సందులో ఫోన్లన్నీ ఒక్కసారి మోగాయి. నా కొట్లో మిషను కన్ను తెరిచింది. కిటికీల్లోంచి జనం చప్పట్లు కొట్టారు. సోఫియాలో ఉన్న కంపెనీని మా సందు లాక్కొచ్చిందని నేనిప్పటికీ వచ్చిన ప్రతివాడికీ చెప్తాను. అడగనివాడికి కూడా చెప్తాను. త్రయాన్ వెళ్తూ వెళ్తూ పిన్ని చేతిని ముద్దు పెట్టుకుని, "ఆఫీసులో అందరూ మీ గురించే చెప్పుకుంటున్నారు" అన్నాడు. "దిగులు పడకండి, ఇక మా మ్యాపులో మీరున్నారు."

సాయంత్రం, పిన్నికి నడవడం కష్టం కదా అని, తనకి ఫోన్ చేసి ఏం కావాలో కనుక్కుందామనుకున్నాను. ఎంగేజ్. నవ్వుకుని, తను ఎప్పుడూ తీసుకునే జున్ను పొట్లం కట్టుకుని నేనే వెళ్ళాను.

పిన్ని వంటింట్లో బల్ల ముందు కూర్చుని, కాల్చిన మిరపకాయల తొక్క తీస్తోంది. మాట్లాడటం లేదు. అదే నాకు వింతగా తోచింది. రిసీవరు బల్ల మీద, మడత పెట్టిన తువ్వాలు మీద పడుకుని ఉంది. పాపం మర్చిపోయింది కాబోలనుకుని, తీసి పెట్టెయ్యబోయాను. పిన్ని మిరపకాయ చేత్తోనే నా మణికట్టు మీద చురుక్కుమనేలా కొట్టింది.

"పెట్టకు" అంది గుసగుసగా.

"ఎవరూ మాట్లాడట్లేదు కదా పిన్నీ."

"మాట్లాడక్కర్లేదు. విను."

చెవి పెట్టి విన్నాను. అవతల పేపరు తిరగేస్తున్న చప్పుడు. కుర్చీ కిర్రుమంది. ఎవరో దగ్గారు. ఆ దగ్గు ఎవరిదో కుమ్మరి సందులో పుట్టినవాడెవడికైనా తెలుసు. ఆ దగ్గు తర్వాతే మాకు గుంజీళ్ళు మొదలయ్యేవి.

పిన్ని మిరపకాయలు తీస్తూనే, తల పైకెత్తకుండా చెప్పింది. కొన్నాళ్ళ కిందట చలికాలంలో మాస్టారికి పక్షవాతం కొద్దిగా తగిలిందట. వంటింట్లో పడిపోయి లేవలేకపోయారు. పిన్ని ఏదో తగువు పెట్టుకుందామని వెళ్ళి చూసింది కాబట్టి బతికారు. తిరిగి నడుస్తున్నారు గానీ, అప్పుడప్పుడు కాళ్ళు మాట వినవు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు. ఊరందరినీ నిటారుగా నిలబెట్టినవాణ్ణి, నేనే కింద పడ్డానని వాళ్ళకి తెలియకూడదన్నారు. అప్పట్నుంచి పొద్దున లేస్తూనే పిన్ని ఆయనకి ఫోన్ చేస్తుంది. ఎవరూ పెట్టరు. రిసీవర్లు బల్లల మీద పెట్టేసి ఎవరి పని వాళ్ళు చేసుకుంటారు. లైను తెగితే మళ్ళీ కలుపుతుంది. అక్కడ ఏదైనా దబ్బుమంటే ఇక్కడ వినపడుతుంది.

"లైను పోయినన్నాళ్ళూ అందుకేనా కొండెక్కావు?"

"మరి? ఆకుల కోసమనుకున్నావా?" అంది పిన్ని. "ఆ పిల్లకొక్కదానికే చెప్పాను, ఎలిత్సాకి. సోఫియాలో ఉంటుంది, ఈయన్ని ఎరగదు కదా. ఒట్టు తప్పినట్టు కాదు."

"ఇన్నాళ్ళూ నీ ఫోన్ ఎంగేజ్ వస్తుంటే సందంతా నిన్ను వాగుడుకాయ అన్నారు పిన్నీ."

"అననీరా. ఎంగేజొస్తే నెదెల్కా వాగుతోందనుకుంటారు. ఆయనకేమైందని ఎవరూ అడగరు. నాకు ముందు నుంచీ ఉన్న పేరే కదా, ఇంకాస్త పెరిగింది, అంతే." తొక్క తీసిన మిరపకాయ గిన్నెలో వేసింది. "పైగా అబద్ధమేం కాదుగా."

రిసీవరులోంచి గొంతు వచ్చింది. "ఎవరది?"

పిన్ని నా వైపు చూసింది. దాచి లాభం లేదు. "రుమెన్. జున్ను తెచ్చాడు" అంది.

అవతల పేపరు మడిచిన చప్పుడైంది. ఆ తర్వాత, "రుమెన్, నువ్వేమీ వినలేదు" అన్నారు మాస్టారు.

"లేదు మాస్టారూ."

ఇదంతా ఇప్పుడు రాస్తున్నానంటే ఆయన ఒప్పుకోబట్టే. ఈ మధ్య తనే అన్నారు, నెదెల్కాని అందరూ వాగుడుకాయ అంటుంటే వినబుద్ధి కావట్లేదు, నిజం రాసెయ్యి అని. వీపు మాత్రం ఇప్పటికీ నిటారుగానే ఉందని రాయమన్నారు. ఉంది.

ఆ సాయంత్రం మాత్రం ఆయన ఇంకేమీ అనలేదు. నేను బయల్దేరబోతుంటే పిన్ని గడియారం వైపు చూసి, చేతులు యాప్రానుకి తుడుచుకుని, రిసీవరు దగ్గరికి వంగింది.

"మాస్టారూ, డాక్టరు చెప్పిన కసరత్తు టైమైంది. లేవండి. చేతులు పైకి."

"ఎత్తాను."

"అబద్ధం. కుర్చీ చప్పుడు కాలేదు."

కుర్చీ కిర్రుమంది. "ఇప్పుడెత్తాను. రెండూ పైకి, మోచేతులు వంచకుండా, ఊపిరి లోపలికి" అన్నారు మాస్టారు, అలవాటు కొద్దీ, బళ్ళో అన్నట్టే ఖంగుమనే గొంతుతో.

పిన్ని నన్ను ఎగాదిగా చూసి నవ్వాపుకోలేకపోయింది. ఎందుకా అని చూసుకుంటే, నేను ఆవిడ వంటింటి మధ్యలో, జున్ను పొట్లంతో సహా, రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉన్నాను.